భవంతి ఇల్లు

భవంతి ఇల్లు తెలంగాణ పల్లెలలో భూవసతి గల రైతు కుటుంబాలు తరతరాలుగా నివసించిన సాంప్రదాయిక గృహరూపము. నడుమ ఆకాశానికి తెరచి ఉండే చదరపు ఆవరణ, దాని చుట్టూ కొయ్య స్తంభాలపై నిలిచిన వసారా, వసారా వెనుక నాలుగు వైపులా అర్రలు దీని ముఖ్య లక్షణాలు. కోస్తా జిల్లాలలో మండువా లోగిలి అని పిలువబడే ఇల్లు కూడా ఈ కోవకు చెందినదే. హైదరాబాదు నగరానికి ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట పరిసర గ్రామాలలో ఇటువంటి ఇళ్ళు ఒకప్పుడు సాధారణంగా కనిపించేవి. నగర విస్తరణ కారణంగా ఇవి వేగంగా అంతరిస్తున్నవి. కోటలకు, గుడులకు ఉన్నట్లు వీటికి శాసనాలు ఉండవు. అందువలన ఒక ఇల్లు కూలిపోయినపుడు దాని చరిత్రకు ఉన్న ఏకైక ఆధారము కూడా దానితోనే పోతున్నది.

పేరు

భవంతి అనే మాట భవనం అనే సంస్కృత శబ్దానికి సంబంధించినది. నాలుగు శాలలు ఎదురెదురుగా ఉండి నడుమ ముంగిలి గల ఇంటిని సంస్కృతంలో చతుశ్శాల అంటారు. ఈ మాట అమరకోశంలో కూడా కలదు. అంటే ఈ గృహరూపము నేడు నిలిచి ఉన్న ఏ ఇంటికంటెనైనా చాలా పురాతనమైనది.

గడి, భవంతి ఒకటి కావు. గడి అనగా దేశ్‌ముఖ్ లేదా జాగీర్దారు నివసించే, ప్రహరీ, బురుజులు గల కోటవంటి కట్టడము. గడి లోపల భవంతి ఉండవచ్చును కాని, ప్రతి భవంతి గడి కాదు. శామీర్‌పేట సమీపంలోని లాల్‌గడి మలక్‌పేట అనే ఊరి పేరులో గడి అనే మాట నేటికీ నిలిచి ఉన్నది. గడుల గురించి, వాటిలో జరిగిన దౌర్జన్యాల గురించి తెలంగాణ సాయుధ పోరాట సాహిత్యంలో విస్తారంగా వ్రాయబడినది. పటేలు, పట్వారీ, మధ్యతరగతి కాపు ఉన్న భవంతి గురించి వ్రాసినది మాత్రం తక్కువ.

నేడు ఈ ప్రాంతంలో "ఫామ్‌హౌస్" అనే మాట బహుళ ప్రచారంలో ఉన్నది. దానికి అర్థం నగరవాసులు సెలవు దినాలు గడపడానికి పొలాల మధ్య కట్టుకొనే ఇల్లు. సేద్యంతో ఆ ఇంటికి సంబంధం ఉండవచ్చును, ఉండకపోవచ్చును. అసలైన రైతు ఇల్లు పొలంలో కాక ఊరి నడుమ ఉండేది.

ప్రాంతము

మేడ్చల్ పట్టణము హైదరాబాదు నుండి నాగపూరు వెళ్ళే జాతీయ రహదారిపై, శామీర్‌పేట హైదరాబాదు నుండి కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారిపై ఉన్నవి. ఈ రెండింటి పరిసరాలు దక్కన్ పీఠభూమికి చెందిన గ్రానైటు నేలలు. ఎటు చూసినా బండలు, గుట్టలు, వాటి నడుమ వాలులో కట్టిన చెరువులు కనిపిస్తాయి. చెరువుల క్రింద వరి, మెట్టన చెల్క నేలలలో జొన్న, ఆముదము, పప్పుధాన్యాలు పండించేవారు. 20వ శతాబ్దపు రెండవ సగంలో ద్రాక్ష తోటలకు కూడా ఈ ప్రాంతము పేరుపొందినది.

ఈ నేలయే ఇంటిని నిర్ణయించినది. పునాదికి రాయి కొదువ లేదు, గోడకు ఎర్రమన్ను ఊరి ప్రక్కనే దొరికేది, చెరువులో ఒండ్రుమట్టి కుమ్మరికి పెంకులకు పనికి వచ్చేది. కరవైనది మంచి కలప ఒక్కటే. పెద్ద దూలాలకు సరిపోయే టేకును దూరపు అడవుల నుండి బండ్లపై తెప్పించవలసి వచ్చేది. అందుచేత ఒక కుటుంబపు స్థోమతను ఊరివారు గోడల ఎత్తును బట్టి కాక స్తంభాల లావును బట్టి అంచనా వేసేవారు.

చరిత్ర

ఈ పరిసరాలలో మానవ నివాసానికి ఉన్న పురాతన ఆధారాలలో కీసరగుట్ట ముఖ్యమైనది. అక్కడ జరిగిన త్రవ్వకాలలో విష్ణుకుండినుల కాలానికి చెందినవని భావించే పెద్ద ఇటుకల కట్టడాల పునాదులు బయల్పడినవి. ఆ తరువాతి శతాబ్దాల రైతు ఇళ్ళు ఏవీ మిగలలేదు. మట్టి గోడ, కొయ్య, పెంకు కలిసిన ఇల్లు యజమాని చేయి పడుతున్నంత కాలమే నిలుస్తుంది. రెండు మూడు వానాకాలాలు పట్టించుకోకపోతే మట్టిలో కలిసిపోతుంది. అందుచేత మధ్యయుగాల నుండి ఈ పల్లెలలో గుడులు, చెరువు కట్టలు నిలిచినవి కాని, వాటిని పోషించిన రైతుల ఇళ్ళు నిలువలేదు. ఇప్పుడు కనిపించే భవంతులు ఎక్కువగా 19వ శతాబ్దపు చివరి భాగానికి, 20వ శతాబ్దపు తొలి భాగానికి చెందినవిగా వాటి తీరును బట్టి భావించవచ్చును.

అసఫ్‌జాహీల పాలనలో మేడ్చల్ ఒక తాలూకాగా అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో ఉండేది. ఆ జిల్లా నిజాము స్వంత ఖర్చులకు ఆదాయమిచ్చే సర్ఫెఖాస్ భూములకు చెందినది. 1853 నుండి 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ చేసిన సంస్కరణల వలన హైదరాబాదు రాజ్యంలో శిస్తు వసూలు పద్ధతి మారినది. అంతకు ముందు పంటలో పాలుగానో, గుత్తేదారుల ద్వారానో వసూలయ్యే శిస్తు క్రమంగా నగదు రూపంలోకి వచ్చినది. గ్రామాలలో మాలీ పటేలు శిస్తును, పోలీసు పటేలు శాంతిభద్రతలను, పట్వారీ లెక్కలను చూసేవారు. ఈ పదవులు వంశపారంపర్యమైనవి. వీరి ఇళ్ళే ఊరి కచేరీలు కూడా కావడంతో, వచ్చిపోయే వారికోసం ముందు భాగము విశాలంగా ఉండే భవంతికి ఆదరణ పెరిగినది. పట్వారీ ఇంటి గోడలోని చెక్క అలమరలే ఊరి పహాణీలకు భద్రస్థానములు.

రైలు మార్గాలు ఇంటి రూపాన్ని కొంత మార్చినవి. 1874లో వాడి - సికింద్రాబాదు మార్గము, 1899 - 1901 మధ్య మేడ్చల్ మీదుగా మన్మాడ్ వరకు గోదావరి లోయ రైలు మార్గము తెరువబడినవి. దీనితో తాండూరు, షాబాదు బండలు, యంత్రాలపై చేసిన చదును పెంకులు లోపలి గ్రామాలకు కూడా చేరుట సులభమైనది. బాసెల్ మిషన్ వారు మంగళూరులో 1865లో స్థాపించిన కర్మాగారంతో మొదలైన ఈ చదును పెంకును తెలంగాణలో బెంగుళూరు పెంక అని పిలుస్తారు. దూరం నుండి వచ్చిన వస్తువుకు జనం పెట్టే పేరులో ఊరు ఒకటి అటు ఇటు కావడం వింత కాదు. ఒక ఇంట నాపబండల నేల, బెంగుళూరు పెంకులు తొలినుండి ఉన్నవని నిర్ధారించగలిగితే ఆ ఇల్లు రైలు కాలము తరువాతిదని చెప్పవచ్చును. అయితే పాత ఇంటికి క్రొత్త పెంకులు వేయించుకొన్నవారు కూడా అనేకులు కనుక ఈ ఆధారాన్ని జాగ్రత్తగా వాడవలెను.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో కలిసినది. 1949లో సర్ఫెఖాస్ భూములు ప్రభుత్వపరమైనవి, అదే సంవత్సరము ఆగస్టులో జాగీర్దారీ రద్దయినది. 1950లో కౌలుదారుల రక్షణకు చట్టము వచ్చినది. 1973 నాటి భూసంస్కరణల చట్టము కమతాలపై గరిష్ఠ పరిమితి విధించినది. 1980 దశకంలో వంశపారంపర్య పటేలు, పట్వారీ వ్యవస్థ రద్దయినది. ఈ మార్పులు అవసరమైనవే. వీటి ఫలితంగా భవంతి ముందు భాగము చేసే పని మాత్రము ఒక్కొక్కటిగా ఆగిపోయినది.

ఇంటి స్థానము

పశ్చిమ దేశాలలో రైతు ఇల్లు తరచుగా తన పొలాల నడుమ ఒంటరిగా ఉంటుంది. తెలంగాణలో అట్లు కాదు. రైతులు అందరూ ఊరిలో, గ్రామకంఠము లేదా ఆబాదీ అని పిలువబడే నివాస స్థలంలో, గోడకు గోడ ఆనుకొని ఉండేవారు. పొలం వద్ద బావి ప్రక్కన ఒక కొట్టము, పంటకాలంలో మంచె మాత్రమే ఉండేవి. దొంగల భయము, త్రాగునీరు, కులవృత్తులవారి అందుబాటు దీనికి కారణాలు. తెలంగాణలోని అనేక గ్రామాలలో కనిపించే గుండ్రని బురుజులు కూడా ఆ భయకాలపు గుర్తులే.

అందుచేత పొలంలో జరుగవలసిన పనిలో చాలా భాగము ఇంటిలోనే జరిగేది. ఎడ్లు, బర్రెలు, బండి, నాగలి, విత్తనము, గడ్డి, ఎరువు అన్నిటికీ ఇంటి ఆవరణలోనే చోటు ఉండవలెను. భవంతి వైశాల్యానికి కారణము మనుషుల సంఖ్య కంటె ఈ సామగ్రియే.

అమరిక

వీధి నుండి చూచినపుడు మొదట కనిపించేది వాకిలికి రెండు ప్రక్కల ఉన్న అరుగులు. వాటి నడుమ గల్మ, అంటే ప్రధాన ద్వారము. దర్వాజ చట్రాన్ని వడ్రంగులు పద్మాలు, చిలుకలు, లతలతో చెక్కేవారు. పైకమ్మీ నడుమ గజలక్ష్మి ఉండుట సర్వసాధారణము. గడప ఎత్తుగా ఉండి పసుపు కుంకుమలతో అలంకరింపబడేది. తలుపు వెనుక గోడ మందంలోనే ఒక రంధ్రము ఉండేది. పగలు ఆ రంధ్రంలో దాగి ఉండే పొడవైన గడియ మ్రానును రాత్రి ఇవతలికి లాగి తలుపుకు అడ్డంగా అవతలి గోడలోకి జొనిపేవారు. బయటినుండి ఎంత మంది త్రోసినా ఆ తలుపు తెరుచుకోదు.

గల్మ దాటిన తరువాత నేరుగా ఆవరణ కనిపించకుండా ఒక చావడి ఉంటుంది. లెక్కలు, పంచాయితీలు, అతిథుల పడకలు ఇక్కడనే. దానిని దాటితే భవంతి నడుమ భాగము. నలువైపుల పైకప్పు వాలు లోపలికి ఉండి వాననీరు ఈ చదరంలో పడుతుంది. ఈ చదరము చుట్టూ ఉన్న వసారా కంటె జానెడు, మూరెడు లోతుగా, రాతి బండలతో పరచబడి ఉంటుంది. ఒక మూలన ఉన్న తూము ద్వారా నీరు నేల క్రింది కాలువలో దొడ్డివైపు పోతుంది. ఎండాకాలపు రాత్రులలో వేడి గాలి ఈ తెరపి గుండా పైకి పోయి అర్రలు చల్లబడతాయి. బయటి గోడలకు కిటికీలు ఉండకపోవుటను, ఉన్నా చిన్నవిగా తలకంటె ఎత్తున ఉండుటను చూచి ఇది చీకటి ఇల్లు అనుకొనేవారు ఉన్నారు. వెలుతురు, గాలి రెండూ నడుమ నుండి వస్తాయి కనుక బయటి కిటికీల అవసరము తక్కువ.

వసారా స్తంభాలు రాతి దిమ్మెలపై నిలుస్తాయి. కొయ్య నేలకు తగలకుండుట వలన చెదలు, తేమ నుండి రక్షణ కలుగుతుంది. స్తంభము తలపై అడ్డంగా చెక్కిన దిమ్మ, దానిపై దూలము, దూలంపై దంతెలు వరుసగా వస్తాయి. అతుకులలో ఇనుప మేకులకు బదులు కొయ్య చీలలు వాడేవారు. అందుచేతనే ఈ చట్రాన్ని విప్పి మరొక చోట తిరిగి నిలబెట్టుట సాధ్యము. ఈ సౌలభ్యమే తరువాతి కాలంలో ఈ ఇళ్ళ పాలిట శాపమైనది.

ఆవరణకు ఒక ప్రక్క దేవునర్ర, వంటర్ర ఉంటాయి. వంటర్ర పైకప్పులో పొగ పోవుటకు గవాక్షి ఉంటుంది. వెనుక జాలారి, దానిని దాటితే దొడ్డి, దొడ్డిలో పశువుల కొట్టము, గడ్డివాము, పెంటకుప్ప, కుటుంబానికి స్తోమత ఉంటే స్వంత చేదబావి. గోడలలో దీపాలకు గూళ్ళు, తలపాగా, కండువాలు తగిలించుటకు చిలుకకొయ్యలు తప్పనిసరి.

ధాన్యము

ఈ ఇంటిలో అత్యంత భద్రమైన గదిలో దేవుడు కాని, బంగారము కాని కాక ధాన్యమే ఉండేది. వడ్లు వెదురుతో అల్లి లోపల బయట పేడ, మట్టి మెత్తిన గుమ్ములలోను, అంతకంటె పెద్దవైన గరిసెలలోను నిలువ చేసేవారు. గుమ్మికి క్రింది భాగాన చిన్న రంధ్రము ఉండి గుడ్డతో మూసి ఉంచేవారు. పైన క్రొత్త ధాన్యము పోస్తారు, క్రింద పాత ధాన్యము తీస్తారు. ఈ విధంగా ఏ గింజా అడుగున మిగిలి పుచ్చిపోదు. జొన్నలను నేలలో త్రవ్విన పాతరలలో దాచేవారు. పాతర అడుగున, ప్రక్కల గడ్డి పరచి, ధాన్యము నింపి, పైన మట్టి కప్పి గాలి చొరకుండా మూసేవారు. మూత తీసిన వెంటనే లోపలికి దిగితే ఊపిరాడక ప్రాణాపాయము కలుగుతుంది కనుక కొంతసేపు గాలి ఆడనిచ్చి దిగుట రివాజు. విత్తనాలకు వేపాకు, బూడిద కలిపి కాగులలో పెట్టి మూతికి మట్టి మెత్తేవారు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నిజాము ప్రభుత్వము రైతుల నుండి నిర్బంధంగా లెవీ ధాన్యము సేకరించినది. ఈ లెవీ భారము చిన్న రైతులపైననే ఎక్కువగా పడుట 1940 దశకపు రైతు ఉద్యమాలకు ఒక కారణము. ధాన్యపు అర్ర ఎంత భద్రంగా ఉన్నది, ఎవరి కంటికి కనబడుతున్నది అన్న ప్రశ్న కరవు కాలంలో ప్రాణాల మీది ప్రశ్న.

నిర్మాణ పద్ధతి

గోడలు రెండు విధాలు. మొదటిది మట్టిగోడ. ఎర్రమన్నును నీటితో తడిపి, గడ్డి, ఊక కలిపి, కాళ్ళతో బాగుగా త్రొక్కి, రెండు మూడు దినాలు మాగనిచ్చి ముద్దలుగా పేర్చుతారు. ఒక వరుస మోకాలి ఎత్తున పెట్టి, అది ఆరిన తరువాతనే పై వరుస పెట్టాలి. తొందరపడితే గోడ ఉబ్బి జారుతుంది. గోడ మందము సాధారణంగా మూరకు పైననే ఉంటుంది. పునాది, నేలకు పైన మూడడుగుల వరకు గ్రానైటు రాయితో కట్టి దానిపై మట్టి పెట్టుట వలన వాన చినుకుల తాకిడికి గోడ అడుగు కరగదు. రెండవది డంగు సున్నముతో కట్టిన రాతి లేక ఇటుక గోడ. సున్నము, ఇసుకలను గుండ్రని రాతి కాలువలో పోసి, ఎడ్లు త్రిప్పే రాతి చక్రంతో నూరేవారు. బెల్లపు నీరు, కరక్కాయ నీరు కలుపుట వలన సున్నము గట్టిపడుతుందని మేస్త్రీల అనుభవము. ఇది ఖర్చుతో కూడినది కనుక ఎక్కువ మంది గల్మ వరకు సున్నపు కట్టడము, లోపల మట్టిగోడ పెట్టుకొనేవారు.

పైకప్పుకు వాడిన గూన పెంక స్థానిక కుమ్మరి చేతి పని. సారెపై కూజావలె కాక రెండు కొనలు తెరచిన గొట్టము తీసి, తడి ఆరక ముందే దానిని నిలువునా రెండుగా చీల్చి, ఎండబెట్టి ఆవంలో కాల్చుతారు. ఒక గొట్టానికి రెండు పెంకులు. క్రింది వరుస వెల్లకిలా, పై వరుస బోర్లా పరచుతారు. సున్నము, మేకు ఏవీ అవసరం లేదు. పెంకు బరువే దానిని నిలుపుతుంది. కాని కోతులు, పిల్లులు, గాలివానలు ప్రతి సంవత్సరము కొన్ని పెంకులను కదల్చుతాయి. మృగశిర కార్తెకు ముందు ఇల్లు ఎక్కి పెంకులు సరిచేయుట తప్పని పని. భవంతి ఇళ్ళు కూలుటకు మొదటి కారణము ముసలితనము కాదు, ఈ ఒక్క పని ఆగిపోవుట. ఒక పెంకు జరిగితే నీరు దంతె మీద పడుతుంది, దంతె పుచ్చితే కప్పు వంగుతుంది, వంగిన కప్పు నుండి కారిన నీరు గోడ తలలోకి దిగుతుంది. ఆ తరువాత జరిగేదానికి ఎంతో కాలము పట్టదు.

గోడలకు ప్రతి పండుగకు ఎర్రమన్ను, పేడలతో పూత, సున్నము, అడుగున జాజు పట్టీ వేసేవారు. ఈ పని పూర్తిగా స్త్రీలదే. ఇంటిని కట్టినవాని పేరు అడిగితే వడ్రంగి పేరో, యజమాని పేరో చెప్పుతారు. నూరేండ్లు నిలబెట్టినవారి పేరు ఎవరూ చెప్పరు.

సామాజిక హద్దులు

భవంతి ఒక కుటుంబపు ఇల్లు మాత్రమే కాదు, ఊరిలోని హెచ్చుతగ్గుల పటము కూడా. అరుగు, చావడి, ఆవరణ, దేవునర్ర అనే వరుసలో ఎవరు ఎంతవరకు రావచ్చునో కులము నిర్ణయించేది. దళిత కులాల పాలేర్లు, జీతగాళ్ళు పశువుల కొట్టము, దొడ్డి దారికే పరిమితము. ఆ ఇంటి ధాన్యమును పండించినది, గుమ్ములకు మోసినది వారే. రాయి మోయుట, మట్టి త్రొక్కుట, కలప దించుట వంటి పనులు పలుచోట్ల వెట్టిగా చేయించుకొనబడినవి. నిజాము రాజ్యంలో వెట్టి నిర్మూలనకై మాడపాటి హనుమంతరావు మొదలైనవారు కృషి చేసినారు. అయినను ఆచరణలో అది దశాబ్దాల పాటు కొనసాగినది. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పులలో దొడ్డి కొమరయ్య మరణించిన తరువాత చెలరేగిన పోరాటంలో అనేక గడులు ప్రజల ఆగ్రహానికి గురి అయినవి. పాత ఇళ్ళను కాపాడవలెననే మాటకు ఊళ్ళలో అందరి నుండి ఒకే విధమైన స్పందన రాకపోవుటకు ఈ జ్ఞాపకము ఒక కారణము. అది అర్థము చేసుకొనదగినదే. అయితే దొడ్డి దారిని, గల్మను పక్కపక్కన చూపగల ఆధారము కూడా ఆ ఇల్లే.

స్త్రీల విషయంలోను హద్దులు ఉండేవి. పరపురుషులు చావడి దాటరు, కోడళ్ళు చావడికి రారు. లోపలి ఆవరణయే వారి లోకము.

వాటాలు

ఉమ్మడి కుటుంబము విడిపోయినపుడు పొలమును సర్వే నంబరు ప్రకారము పంచవచ్చును. భవంతిని పంచుట కష్టము. గ్రామకంఠంలోని ఇళ్ళకు పొలాలకు ఉన్నట్లు పట్టాదారు పుస్తకము ఉండదు. అనుభవమే హక్కు, పెద్దమనుషుల మాటయే పత్రము. అన్నదమ్ములు ముగ్గురైతే ఒకరికి చావడి వైపు, ఒకరికి వంటర్ర వైపు, ఒకరికి కొట్టము వస్తాయి. తరువాత ఆవరణ నడుమ ఇటుక గోడ లేస్తుంది. గాలి, వెలుతురు వచ్చే ఏకైక మార్గము మూసుకొనిపోవుటతో ఇల్లు నిజంగానే చీకటి ఇల్లు అవుతుంది. పైకప్పు మాత్రము ఒక్కటే కనుక ఒక వాటాదారు తన భాగము విప్పితే మిగిలినవారి దూలాలు ఆధారము కోల్పోతాయి. మరమ్మతు ఖర్చు ఎవరు భరించాలి అన్న తగవు తేలేలోగా వానాకాలము వస్తుంది.

ఇంగ్లండు రైతు ఇళ్ళతో పోలిక

మధ్యయుగాల రైతు ఇళ్ళు నేటికీ పెద్దసంఖ్యలో నిలిచి ఉన్న దేశాలలో ఇంగ్లండు ఒకటి. అక్కడి కెంట్, ససెక్స్ ప్రాంతాలలో 15వ శతాబ్దపు స్థితిమంతుడైన రైతు ఇంటికి నడుమ పైకప్పు వరకు తెరచి ఉన్న పెద్ద శాల ఉండేది. దాని నడుమ నేలపై నెగడు మండేది. పొగగొట్టము ఉండదు, పొగ కప్పు సందుల నుండి పోయేది. శాలకు ఒక కొన సామాను గదులు, మరొక కొన యజమాని అంతరంగిక గది ఉండేవి. చట్రము ఓక్ కలప, గోడలు కర్ర తడికెలపై మట్టి మెత్తినవి. 16వ శతాబ్దము నుండి పొగగొట్టాలు, అటకలు చేర్చి ఈ శాలలను రెండంతస్తులుగా మార్చినారు. అయినను వాసాలకు పట్టిన పాత పొగమసి ఆధారంగా తొలి రూపమును గుర్తించగలుగుతున్నారు. భవంతిలో నడుమ భాగము ఆకాశానికి తెరిచి ఉండుట, అక్కడ నిప్పు చుట్టూ మూసి ఉండుట రెండు దేశాల ఎండ, చలి భేదమును తెలుపుతుంది. మట్టి, కొయ్యలే రెండింటికీ ఆధారము.

కెంట్‌లోని చిడింగ్‌స్టోన్ వద్ద ఉన్న బేలీఫ్ అనే రైతు ఇల్లు ఒక జలాశయ నిర్మాణము కారణంగా 1960 దశకపు చివర తొలగింపబడినది. దానిని కొయ్యకు కొయ్య గుర్తులు వేసి విప్పి, ససెక్స్‌లోని సింగిల్టన్ గ్రామము వద్ద ఉన్న ఆరుబయటి ప్రదర్శనశాలలో తిరిగి నిలబెట్టినారు. కలపలోని వార్షిక వలయాలను లెక్కించి ఇటువంటి ఇళ్ళ వయస్సు నిర్ణయించుట అక్కడ సాధారణమైనది. ఉష్ణమండల వృక్షాలలో స్పష్టమైన వార్షిక వలయాలు ఏర్పడే కొద్ది జాతులలో టేకు ఒకటి. కనుక భవంతి స్తంభాలకు కూడా ఈ పద్ధతి వర్తించగలదు, స్తంభము ఇంకా ఇంటిలో ఉన్నట్లయితే.

ఇంగ్లండులో 1947 నాటి పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టము సాధారణ గృహాలను కూడా రక్షిత కట్టడాల జాబితాలో చేర్చుటకు మార్గము ఏర్పరచినది. 1700కు పూర్వము కట్టి, దాదాపు తొలి రూపంలో మిగిలిన ఇళ్ళు జాబితాలో చేరుట అక్కడ మామూలు.

ప్రస్తుత స్థితి

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతము 1990 దశకము చివరి నుండి వేగంగా మారినది. 1998లో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము స్థాపింపబడి తరువాత శామీర్‌పేటకు చేరినది. జీనోమ్ వ్యాలీ, 2008లో బిట్స్ పిలానీ హైదరాబాదు ప్రాంగణము ఈ పరిసరాలలోనే ఏర్పడినవి. 158 కి.మీ. పొడవైన బాహ్యవలయ రహదారి ఈ రెండు చోట్లా పాత రహదారులను కలుస్తున్నది. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లా ఏర్పడినది. ద్రాక్ష తోటలు లే-అవుట్లుగా మారినవి. భూమి అమ్మిన కుటుంబాలు పాత ఇంటి స్థలంలోనే కాంక్రీటు ఇల్లు కట్టుకొనుట, లేదా నగరానికి తరలిపోయి ఇంటికి తాళము వేయుట జరుగుతున్నది. ఎడ్లు లేని కొట్టము, ధాన్యము లేని అర్ర, కచేరీ లేని చావడి మిగిలిన ఇంటిని ఎందుకు మరమ్మతు చేయాలన్న ప్రశ్నకు వారసుల వద్ద జవాబు లేదు.

మరొక ముప్పు కలప వ్యాపారము. చెక్కిన దర్వాజలకు, స్తంభాలకు రిసార్టులలోను, హోటళ్ళలోను, నగరపు ఇళ్ళలోను గిరాకీ ఉన్నది. చీలలు విప్పితే విడిపోయే చట్రము కనుక ఇంటిని విప్పుట తేలిక. ఒకసారి ఊరు దాటిన స్తంభము ఏ ఇంటిదో, ఏ ఊరిదో చెప్పేవారు ఉండరు.

హైదరాబాదు నగరంలో చారిత్రక కట్టడాల రక్షణకు 1990 దశకంలో ప్రత్యేక నిబంధన తేబడినది. అది 2015లో రద్దయినది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టము వచ్చినది. వీటి దృష్టి ప్రధానంగా కోటలు, దేవాలయాలు, రాజభవనాలు, ప్రముఖ కట్టడాలపైననే ఉన్నది. కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారము లభించినది. దాని వెనుక ఆ సంస్థాన కుటుంబపు వారసుల శ్రద్ధ, స్తోమత ఉన్నవి. సాధారణ రైతు ఇంటికి అటువంటి అండ దొరుకుట అరుదు.

పల్లె ఇళ్ళ నమూనాలను చూడగోరేవారికి హైదరాబాదులోని శిల్పారామంలో గ్రామీణ ప్రదర్శనశాల కలదు. చెన్నై సమీపంలో 1996లో ప్రారంభమైన దక్షిణచిత్రలో నల్గొండ ప్రాంతపు కొయ్యలగూడెం చేనేత కుటుంబపు ఇల్లు, విశాఖ తీరపు హరిపురం ఇల్లు ప్రదర్శింపబడుతున్నవి. తెలంగాణ భవంతిని దాని గుమ్ములు, పాతర, కొట్టము, దొడ్డి దారితో సహా కొలతలు తీసి, చిత్రించి, నమోదు చేయుటకు పెద్ద ధనము అవసరము లేదు. ఒక టేపు, ఒక కెమెరా, ఆ ఇంటిలో పెరిగిన పెద్దవారు, ఆ ఇంటిలో పని చేసిన పెద్దవారు ఇంకా ఉన్న ఊళ్ళు ఈ ప్రాంతంలో కొన్ని మిగిలి ఉన్నవి.